తడిగుడ్డ పట్టిన హీరోయిన్

మా ఆయన చదువుకున్న దేశం ఇప్పుడు మ్యాపులో లేదు. ఈ మాట నేనంటే ఎగతాళి, ఆయనంటే విషాదం. సభల్లో ఎర్రజెండా మోసిన మా మామగారు ఎనభైల్లో కొడుకును ఇంజనీరింగ్ చదవమని సోవియట్ దేశానికి పంపించాడు. అక్కణ్ణుంచి మా ఆయన డిగ్రీతో పాటు రెండు అలవాట్లు తెచ్చుకున్నాడు. ఒకటి, టీలో పాలు పోస్తే ముఖం చిట్లించడం. రెండు, యుద్ధకాలం మీద తీసిన ఆ దేశపు సినిమాలు చూసి వెక్కి వెక్కి ఏడవడం. మొదటిది పెళ్ళయిన కొత్తలోనే మాన్పించాను. రెండోది నా వల్ల కాలేదు.

మస్కట్ వచ్చి దార్సైట్‌లో కాపురం పెట్టాక ఆ ఏడుపుకు ఒక వారం కుదిరింది, ఇక్కడి సెలవు రోజైన శుక్రవారం. గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చి, పప్పుచారు, వేపుడుతో భోంచేసి, కర్టెన్లు మూసి, టీవీకి ల్యాప్‌టాప్ తగిలిస్తాడు. టీపాయ్ మీద రెండు కాళ్ళూ చాపుతాడు. "కాళ్ళు తియ్యండి, అక్కడ టీ కప్పులు పెడతాం" అని నేను అరుస్తాను. తీస్తాడు. సినిమాలో మొదటి రైలు కూత పెట్టేసరికి కాళ్ళు మళ్ళీ అక్కడే ఉంటాయి.

మొదట్లో ట్యాంకులు, ఫిరంగులు చూడాలేమోనని నేను ఆ గదిలోకి వచ్చేదాన్ని కాదు. తీరా చూస్తే అన్నీ ప్రేమకథలే. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒక నది గట్టు. కాసేపు సంతోషంగా ఉంటారు. ఇంతలో రేడియోలో ఏదో చెబుతారు, వీధిలో జనమంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు. ఆ తర్వాత స్టేషను. మన సినిమాలో అయితే అక్కడ ఒక పాట పడేది. వాళ్ళకి పాట లేదు. అమ్మాయి ముఖం మీదే కెమెరా ఆగిపోతుంది, మనకి ఊపిరాడదు. అయితే మా ఆయన అసలు ఏడ్చేది అక్కడ కాదు, యుద్ధం అయిపోయాక. "గెలిచిన తర్వాత ఇంట్లో ఏం జరిగిందో చూపించారోయ్ వీళ్ళు" అంటాడు. వెళ్ళినవాడు తిరిగి రాకపోవడం ఒక రకం కథ. తిరిగి వచ్చి, సొంత గుమ్మంలో నిలబడి, ఎటు నడవాలో తెలియకపోవడం ఇంకో రకం. ఈ రెండో రకానికే ఆయన జేబురుమాలు తడిసేది.

ఈ ఏడుపుకు తోడు దొరుకుతారని నేను అనుకోలేదు. గుడి దగ్గర ప్రసాదం వరసలో ఒక కడప ఆవిడ పరిచయమైంది. ఖురంలో ఒక ఒమానీ వాళ్ళ ఇంట్లో ఉండి పని చేసేది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆమెకు డ్యూటీ ఉండదు. ఎండలో రోడ్డు పక్కన కూర్చుని అన్నం డబ్బా తెరుస్తుంటే నాకు మనసొప్పక ఇంటికి తీసుకొచ్చాను. రెండో వారం తనతో పాటు గోదావరి జిల్లా పెద్దావిడను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ హమ్రియాలో నలుగురైదుగురు ఆడవాళ్ళతో ఒక రూమ్‌లో ఉంటూ నాలుగిళ్ళలో పని చేస్తుంది. పెద్దది కాబట్టి ఆవిడ నాకు పిన్ని అయింది. ఆ లెక్కన మా ఆయన ఆవిడకు అల్లుడుగారు. కడప ఆవిడ నన్ను అక్కా అంది కాబట్టి ఆయన ఆమెకు బావ. రావడమే ఆలస్యం, శుక్రవారం సినిమాకి ఇంటినిండా చుట్టాలు.

వాళ్ళకు ఆ భాష రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలూ రావు. అందుకని మా ఆయన పక్కన కూర్చుని అందరి తరఫునా తానే మాట్లాడేవాడు. హీరోకి ఒక గొంతు, హీరోయిన్‌కి ఒక గొంతు, ముసలమ్మకి దగ్గుతో సహా ఇంకో గొంతు. తెలుగు అమ్మాయి ప్రేమించినవాణ్ణి ఏమని పిలుస్తుందో ఆలోచించి, హీరోయిన్ నోట "బావా" అనిపించాడు. అంతే, కడప చెల్లెలు పట్టుకుంది. "మేనబావనా అక్కా? అదిగో, అందుకే ఇంత దబ్బున పెండ్లి చేసినారు. ఇంట్లో సంబంధం గదా!" అని తేల్చేసింది. వాళ్ళు నది మీద పడవలో మొదటిసారి కలుసుకున్నారని మా ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు. మేనమామ కొడుకు పడవ నడుపుతుంటే చూడకుండా ఎలా ఉంటుంది అంది.

ఆ పడవ సినిమా పేరు పలకడం నాకు రాదు. ఆయనకి అన్నింటికంటే ఇష్టమైనది అదే. అబ్బాయి నదిలో సరుకుల పడవ నడుపుతాడు, అమ్మాయి రొట్టెల బట్టీలో పని చేస్తుంది. పెళ్ళి చేసుకున్న మర్నాడే అతను రైలెక్కుతాడు. యుద్ధం ముగిశాక తిరిగి వస్తాడు. సగం సినిమా ఆ తర్వాతే ఉంటుంది. ఆ పిల్ల ఈలోపు కట్టెలు కొట్టడం నేర్చుకుంది, ఇంటి కప్పు తనే బాగు చేసుకుంది, మంచం కిటికీ పక్కకి జరుపుకుంది. అతను లోపలికి వచ్చి, కుర్చీ అంచున, కోటు విప్పకుండా కూర్చుంటాడు. ఆమె మంచి కప్పు తీసి, కింద సాసరు పెట్టి టీ ఇస్తుంది. ఆ ఇంట్లో నాలుగు కుటుంబాలకు ఒకటే వంటిల్లు. అతను అడుగు పెడితే ఆడవాళ్ళంతా మాట ఆపేస్తారు.

ఆ వంటిల్లు కనిపించగానే పిన్ని లేచి టీవీ దగ్గరకు వెళ్ళింది. "ఇదేంటండీ అల్లుడుగారూ, ఇది మా హమ్రియా రూమేనండీ! ఆయ్. ఈ మూల పొయ్యి నాది, ఆ మూలది తమిళావిడది. ఒకళ్ళ గిన్నె మీద ఇంకోళ్ళు మూత తీత్తే ఆ పూట యుద్దమేనండీ బాబూ" అని వివరించింది. మంచుదేశం వాళ్ళ బతుకులు అర్థం కావేమోనని మా ఆయన తయారు చేసి పెట్టుకున్న ఉపన్యాసం అక్కడితో వృథా అయింది. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

హీరోయిన్ స్టేషన్లో ఏడుస్తుంటే పిన్ని కూడా ఏడ్చింది. "మన బతుకూ అంతేనమ్మా" అంది. కడప చెల్లెలు ఒప్పుకోలేదు.

"నువ్వు తప్పు చూస్తాండావు పిన్నీ. రైలెక్కింది ఆయప్ప. మనమూ ఎక్కినోళ్ళమే. మద్రాసులో విమానమెక్కేటప్పుడు చంటిబిడ్డను ఎత్తుకోని గేటు బయట నిలబడింది మా ఇంటాయన. ఆ పిల్ల ఉండాదే, ఆయమ్మే మా ఇంటాయన."

మేం నవ్వాం. తను నవ్వలేదు. వాళ్ళాయన ఊళ్ళో ఆటో నడుపుతూ కూతురిని ఒంటి చేత్తో పెంచాడు. వంట నేర్చుకున్నాడు, జడ వేయడం నేర్చుకున్నాడు. చీర కూడా కట్టుకోరాదా అని ఊళ్ళో మగవాళ్ళు వెక్కిరిస్తే ఒకరిద్దరితో కలబడ్డాడు కూడా. కూతురు ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. ఏళ్ళ తరబడి ఈవిడ సెలవుకు వెళ్ళడం, నెల తిరగకుండా రావడం. నెలరోజులు చుట్టంలా ఉండి వచ్చేయడం ఎవరికైనా చేతనవును. ఈసారి అలా కాదు. ఖురం ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. మేడమ్ మంచిది, రావాలనిపిస్తే వీసా గడువులోగా రా, లేకపోతే ఇంటి దగ్గరే ఉండిపో, నీ ఇష్టం అంది. మన ఇష్టానికి వదిలేయడమంత చిక్కు ఇంకోటి లేదు.

వెళ్ళే ముందు శుక్రవారం ఆ పడవ సినిమానే మళ్ళీ పెట్టమంది. చివరికి వచ్చేసరికి నేను ఎప్పట్లాగే వంటింట్లో టీ పెడుతున్నాను. ఆఖరి మాట మా ఆయన హీరోయిన్ గొంతుతో చెప్పడం అక్కణ్ణుంచే వినిపించింది. "నువ్వొచ్చావు బావా, అదే నాకు చాలు." నేను టీ తెచ్చేసరికి ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆమె వెళ్తూ వెళ్తూ ఒక బ్యాగు మా స్టోర్‌రూమ్‌లో పెట్టింది. అందులో డ్యూటీకి వేసుకునే బట్టలు.

"ఉండనీ అక్కా. మళ్ళా వస్తే కావాల గదా" అంది. ఆ మాట అన్నప్పుడు నా ముఖం వైపు చూడలేదు.

వెళ్ళిన కొద్దిరోజులకే వీడియో కాల్ చేసింది. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుంది. పెళ్ళికి వచ్చిన దూరపు బంధువులా ఉంది.

"ఎలా ఉన్నావే?" అన్నాను.

"కుర్చీ యేసినాడక్కా నాకు. పొద్దున లేస్తే కుర్చీ. కాఫీ గ్లాసులో పొయ్యడు, కప్పులో పోస్తాడు. కప్పు కింద సాసరు." అక్కడ ఆగింది. మా ఇద్దరికీ ఒకటే సీను గుర్తొచ్చింది. "చీపురు పట్టుకుంటే గుంజుకుంటాడు. ఆడ చేసి చేసి వచ్చినావు, కూచో అంటాడు. పాపకి ఏం కావాలన్నా వాళ్ళ నాయన్నే అడుగుతాది. నేను పక్కనే ఉంటా. మేడమ్ ఫోన్ చేసింది, టికెట్ పంపిస్తా అనింది. ఆడైతే వంటింట్లో ఏది యాడుండాదో కండ్లు మూసుకోని తీస్తా. ఈడ ఉప్పు డబ్బా యాడుండాదో నాకు తెల్దక్కా."

నీ మీద ప్రేమ కాబట్టే అలా చూస్తున్నాడు అన్నాను. నా మాట నాకే చప్పగా తగిలింది.

"ప్రేమే. నాకు తెల్దా? ఆ సినిమాలో ఆయమ్మ ఆఖర్న ఏమనింది? నువ్వొచ్చావు, అదే చాలు. మా ఇంటాయన గూడా రోజూ అదే అంటాండాడు. ఆ మాట ఇని ఆ సినిమాయప్ప ఎట్ల ఉండిపోయినాడక్కా ఆ ఇంట్లో? నాకైతే పారిపోయి వచ్చేయాలనిపిస్తాండాది."

ఫోన్ పెట్టేశాక నాకు మనసు మనసులో లేదు. ఈ దేశంలో తనకోసం ఎదురుచూసేవాళ్ళం మేం ముగ్గురం, బహుశా ఖురం మేడమ్. తను తిరిగొస్తే నాకు మహా సంతోషం, శుక్రవారాలు మళ్ళీ నిండుతాయి. అయినా రాకూడదనే గట్టిగా అనిపించింది. చంటిబిడ్డను ఎత్తుకుని గేటు బయట నిలబడిన ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన మొహం మీద కెమెరా ఆగినట్టు మాత్రం నాకు తెలుస్తోంది.

ఆ సాయంత్రం మా ఆయనతో సినిమా చివరి భాగం పెట్టమన్నాను. టీ పెట్టలేదు, కదలకుండా కూర్చుని చూశాను. అన్నేళ్ళలో ఆ చివరి సీను నేను కళ్ళారా చూడటం అదే మొదలు. హీరోయిన్ నేల మీద కూర్చుని తడిగుడ్డతో గది తుడుస్తోంది. గుమ్మంలోంచి అతను లోపలికి వచ్చాడు, కాళ్ళకు బురద బూట్లు. నాలుగడుగులు వేశాడు. ఆమె వెనక్కి తిరిగి, గుడ్డ చేత్తో పట్టుకుని, ఏడుపూ కోపమూ కలిసిపోయి గబగబా ఏదో అంది.

"ఇప్పుడేమంది?" అన్నాను.

"నువ్వొచ్చావు, అదే నాకు చాలు అంది. ఎన్నిసార్లు చెప్పలేదూ?"

"ఏవండీ. అప్పుడే తుడిచిన నేల మీద బురదకాళ్ళతో వచ్చిన మొగుడితో, చేతిలో తడిగుడ్డ పెట్టుకుని, ఏ దేశపు ఆడదీ ఆ మాట అనదు. నిజం చెప్పండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"బూట్లు విప్పమంటోంది. కళ్ళు కనబడటం లేదా, ఇప్పుడేగా తుడిచాను, ఎన్నిసార్లు చెప్పాలి నీకు అంటోంది."

"మరి?"

"అంత గొప్ప ప్రేమకథకి చివర ఆ మాట ఏం బాగుంటుందోయ్! ఆమె మనసులో ఉన్నది నేను చెప్పాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మనసులో ఉన్నది ఆమె నోటితోనే చెప్పుకుంది, మధ్యలో మీరెవరు అని కడిగేశాను. టీవీలో అతను ఆగిపోయి, బూట్ల వైపు చూసుకుని, ఆమె వైపు చూసి నవ్వాడు. వంగి బూట్లు విప్పాడు. లేచి కోటు కూడా విప్పి మేకుకు తగిలించాడు. వచ్చిన రోజు నుంచీ ఆ కోటు అతని ఒంటి మీదే ఉంది. ప్రేమగా టీ ఇచ్చినప్పుడు విప్పలేదు, తిట్టినప్పుడు విప్పాడు. చుట్టాన్ని ఎవరైనా తిడతారా? చుట్టం బురదకాళ్ళతో వస్తే పరవాలేదండీ అని నవ్వి, వెళ్ళాక తుడుచుకుంటాం. నేను ఏడ్చాను. ఆయన సినిమాకి నేను ఏడవడం అదే మొదటిసారి. ఏడుస్తూనే ఆయన్ని తిట్టాను.

అప్పటికప్పుడు కడపకు ఫోన్ చేశాను. "మీ బావ మనకి తప్పు చెప్పాడే. ఆవిడ చాలు అనలేదు. తిట్టింది. బూట్లు విప్పి రమ్మని తిట్టింది."

 అటువైపు సన్నగా నవ్వు.

"తిట్టిందా!"

"తిట్టింది. అప్పుడే కోటు విప్పాడు."

"ఐతే మా ఇంటాయన నన్ను తిట్టేదానికి నేనేం చేయాల?"

"ఆయన తుడిచిన నేల మీద నడువు" అన్నాను.

ఆ తర్వాత తన నుంచి ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. శుక్రవారాలు గడుస్తున్నాయి, వీసా గడువు దగ్గరపడుతోంది. పిన్ని ఒక్కతే వచ్చి సోఫా మూల కూర్చునేది. "వచ్చేత్తాదండీ అమ్మాయిగారూ. ఎల్లినోళ్ళం అందరం వచ్చేత్తాం. నేను ఉండిపోదారని రెండుసార్లు ఎల్లి, రెండుసార్లూ వచ్చేశాను కాదండీ? నన్ను మా ఇంటికాడ ఎవళ్ళూ ఏమీ అనరండీ. మా కోడలైతే అసలు గట్టిగా మాటాడదు, బంగారం" అంది. ఆ బంగారం అన్న మాటకు నేను తల తిప్పుకున్నాను. స్టోర్‌రూమ్‌లో ఆ బ్యాగు కాలికి అడ్డం వచ్చినప్పుడల్లా దాన్ని ఇంకాస్త లోపలికి తోసేదాన్ని.

ఆ మధ్య ఒక శుక్రవారం, ఆయన ఇంకా ల్యాప్‌టాప్ తగిలిస్తుండగా ఫోన్ మోగింది. తెరిచేసరికి మొదట అలమర కనిపించింది, అరలన్నీ ఖాళీ. కింద నేల మీద డబ్బాలన్నీ పరిచి ఉన్నాయి, మధ్యలో కొంగు దోపుకుని, జుట్టు రేగి, మా చెల్లెలు. కొత్త చీర కాదు, పాత నైటీ. వెనక ఎక్కడో మగగొంతు ఉరుముతోంది.

"చింతపండు డబ్బా యాడబెట్టినావ్? ఇన్నేండ్లూ ఈడ్నే ఉండె! ఎవురు సర్దమన్న్యారు నిన్ను? మిక్సీ ఆడ పెడితే వైరు అందుతాదా, బుద్ధుండాదా నీకు?"

తను ఫోన్ ఆ గొంతు వైపు తిప్పి పట్టుకుంది. మళ్ళీ తన వైపు తిప్పుకుంది. మొహం వెలిగిపోతోంది.

"ఇంటివా అక్కా? పొద్దున్నుంచీ ఇదే. పాప గూడా వాళ్ళ నాయన పక్కకే చేరి నన్ను అంటాండాది."

"బాగా తిడుతున్నాడే" అన్నాను.

"ఇంగో మాట అక్కా. ఆ బ్యాగు పిన్నికిచ్చేయ్. గుడ్డలు ఆమెకి సరిపోతాయి." వెనక గొంతు మళ్ళీ లేచింది. "ఉంటానక్కా, పిలుస్తాండాడు."

నేను స్టోర్‌రూమ్‌లోంచి బ్యాగు తెచ్చి పిన్ని ఒళ్ళో పెట్టాను. "ఉండిపోయిందాండీ! ఆయ్, ఉండిపోనివ్వండి" అంది పిన్ని. జిప్పు తీయలేదు. రెండు చేతులూ బ్యాగు మీద వేసుకుని కూర్చుంది. నేను ఆవిడ పక్కన కూర్చుని, ఆ వారం మా ఇంటికి వచ్చేటప్పుడు కూర మాడ్చి తెచ్చిందని దెబ్బలాడాను. ఆవిడ నోరు తెరుచుకుని నా వైపు చూసింది. తర్వాత, ఆ పొయ్యి తమిళావిడ పెంచేసింది, నా తప్పేం లేదు అని నామీదికి లేచింది.

మా ఆయన తన మూల నుంచి అన్నీ విన్నాడు. కళ్ళు అప్పటికే తడి. "ఏమందోయ్ మరదలు? చివరికి ఏమంది?" అన్నాడు, కాళ్ళు రెండూ టీపాయ్ మీద చాపి.

"ముందు ఆ కాళ్ళు తియ్యండి" అన్నాను. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

ఆయన తీయలేదు. నా వైపు చూసి నవ్వుతూ కూర్చున్నాడు.